పొరుగూరి కోర్టులో ట్రయల్ పడితే: గది ఎక్కడ, ప్రింటర్ ఎవరిది, సాక్షిని తేవడం ఎలా?

మాది హైదరాబాద్‌లో ఒక మోస్తరు లా ఆఫీసు. నేను లాయర్‌ని కాదు, ఆఫీసు చూసుకునే మనిషిని. క్రాస్‌లో, అంటే అవతలి సాక్షిని ఎదురు ప్రశ్నించేటప్పుడు, ఏం అడగాలో మా సార్‌కి తెలుసు. ఆయన చెయ్యి చాపగానే ఎగ్జిబిట్ బి-14 (కోర్టు నంబరు వేసిన కాగితం) ఆ చేతిలోకి రావాలంటే ముందురోజు రాత్రి ఎవరు ఏ గదిలో ఏ కాగితాలతో కూర్చోవాలో నాకు తెలుసు. సొంత ఊళ్లో కోర్టు అయితే ఇది పెద్ద పని కాదు, మర్చిపోయిన ఫైలు కోసం జూనియర్‌ని బండి మీద పంపిస్తే గంటలో తెచ్చేస్తాడు. పొరుగూళ్లో ట్రయల్ పడినప్పుడే తంటా.

ఈమధ్య వేరే ఆఫీసుల వాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, బెజవాడలో హోటల్ నయమా అపార్ట్‌మెంట్ నయమా, కారులో వెళ్తారా రైల్లోనా అని అడిగారు. ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాస్తే నయం అనిపించింది. ఉదాహరణకి బెజవాడే తీసుకుంటాను. హైదరాబాద్ ఆఫీసు, విజయవాడలో కమర్షియల్ సూట్ (వ్యాపార తగాదా మీద దావా), ఐదు రోజులు వరసగా సాక్ష్యం, మనది వాది తరపు. సీనియర్, ఇద్దరు జూనియర్లు, గుమాస్తా, నేను. విశాఖ అయినా వరంగల్ అయినా లెక్క ఇంతే, ఊరి పేర్లు మార్చుకోండి.

ఐదు రోజులు వరసగా అన్నాను చూశారా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 17 చూస్తే విచారణ సమయంలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని రాసుంటుంది. కోర్టుకెళ్లి చూస్తే జడ్జిగారు సెలవు, లేదంటే అవతలి లాయర్‌గారికి జ్వరం, లేదంటే బార్ వాళ్లు విధుల బహిష్కరణ. లాయర్లకి సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, అయినా ఆ రోజు మీ కేసు పిలిచి మీ సాక్షిని బోనెక్కిస్తారని మాత్రం ఆశ పెట్టుకోకండి. అందుకని ఏ ఏర్పాటునైనా నేను రెండు ప్రశ్నలతో తూస్తాను. పదిన్నరకి కేసు పిలిస్తే సిద్ధంగా ఉంటామా? పదీ నలభైకి వాయిదా పడితే ఎంత మునిగిపోతాం? మొదటిది అందరూ చూసుకుంటారు. క్లయింట్ డబ్బు కారిపోయేది రెండోదాని దగ్గర.

దిగేది ఎక్కడ

మూడు దారులున్నాయి. కోర్టుకి దగ్గర్లో హోటల్, ఊళ్లో కాస్త దూరంగా సర్వీస్ అపార్ట్‌మెంట్, లేదా పడుకోవడానికి మాత్రం ఏదో ఒక లాడ్జి తీసుకుని పని అంతా లోకల్ అడ్వొకేట్ గారి ఆఫీసులో కానివ్వడం.

హోటల్‌తో పెద్ద సుఖం ఏంటంటే వాయిదా పడితే ఆ సాయంత్రమే ఖాళీ చేసి వచ్చేయొచ్చు. మహా అయితే ఒక రోజు అద్దె పోతుంది. జనరేటర్ ఉంటుంది, కొరియర్ వస్తే రిసెప్షన్‌లో తీసుకుంటారు, క్లయింట్‌కి చూపించడానికి జీఎస్టీ బిల్లు చేతికొస్తుంది. కష్టం ఏంటంటే బల్ల. హోటల్ గదుల్లో ఉండే బల్ల మీద లాప్‌టాప్, కాఫీ కప్పు పెడితే ఇక చోటుండదు, నలుగురూ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దుప్పటి నిండా కాగితాలు పరుస్తారు, పొద్దున్న లేచేసరికి ఒక కాగితం మంచం కింద దొరుకుతుంది. ఇంకో కష్టం పెళ్లిళ్లు. ఒకసారి మాఘమాసంలో ఒక హోటల్లో దిగాం, రేటు బాగుంది, కోర్టుకి నడిచివెళ్లేంత దూరం, నేనే గొప్పగా ఎంపిక చేశాననుకున్నా. ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకట. రాత్రి పన్నెండు నుంచి కింద హాల్లో బ్యాండ్ మేళం. మా సార్ పొద్దున్న ఎర్రటి కళ్లతో క్రాస్‌కి వెళ్లారు, నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటినుంచి గది బుక్ చేసేముందు నేను అడిగే మొదటి ప్రశ్న ‘ఆ తేదీల్లో మీ ఫంక్షన్ హాల్ బుక్ అయ్యిందా’ అనే. దసరా నవరాత్రుల్లో, భవానీ దీక్షల విరమణ రోజుల్లో బెజవాడలో గదులు దొరకడమే కష్టం, ఆ తేదీలు కూడా క్యాలెండర్‌లో చూసుకోండి.

సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో హాలు ఉంటుంది, హాల్లో పెద్ద డైనింగ్ టేబుల్ ఉంటుంది. రాత్రి పరిచిన కాగితాలు పొద్దున్న వరకు అలాగే ఉంచుకోవచ్చు. వంటగది ఉంటే సార్‌కి పెరుగన్నం కలిపి ఇవ్వొచ్చు. మనిషికి ఇంత అని లెక్కేస్తే ఐదుగురికి హోటల్ కంటే చవకే పడుతుంది. కానీ వారం అద్దె ముందే కట్టమంటారు, మంగళవారమే వాయిదా పడితే మిగతా రోజుల డబ్బు చాలాచోట్ల వెనక్కి రాదు. పైగా పొద్దున తొమ్మిదిన్నరకి బెంజ్ సర్కిల్ దాటి రావడం అంటే ఎంత టైం పడుతుందో ముందే చెప్పలేం. పనిమనిషి మీరు లేనప్పుడు వచ్చి ఊడ్చి సర్దేసి వెళ్తుంది. ఆవిడ సర్దుడికి మా జూనియర్ ఒకడు వరసగా పేర్చిన కాగితాలు కలిసిపోయి ఏడ్చినంత పని చేశాడు.

లోకల్ అడ్వొకేట్ గారి ఆఫీసు చూడటానికి అన్నిటికంటే తెలివైన ఏర్పాటులా కనిపిస్తుంది. పుస్తకాలుంటాయి, ప్రింటర్ ఉంటుంది, టైపిస్టు ఉంటాడు. సాయంత్రం అయ్యేసరికి ఆయన క్లయింట్లు కూడా ఉంటారు. వాళ్ల మధ్య మన సాక్షి గురించి, మన కేసులో ఉన్న బొక్కల గురించి మాట్లాడుకోలేం. ఆరింటి తరవాత ఆయన ఆఫీసు మీకే వదిలేస్తానంటే తప్ప నేను దీన్ని ప్రధాన స్థావరంగా పెట్టను.

నా ఎంపిక: వారం లోపు పని అయితే హోటలే, కాకపోతే ఒక గది అదనంగా తీసుకుంటాను. ఆ గదిలో మంచం తీసేయమని అడుగుతాను. ఫంక్షన్ హాల్లో వేసే పొడుగు బల్లలు ప్రతి హోటల్‌కీ ఉంటాయి, రెండు వేయించుకుంటాను, ఒక పవర్ ఎక్స్‌టెన్షన్ బోర్డు మనమే తీసుకెళ్తాం. ఆ గది తాళం గుమాస్తా దగ్గరే ఉంటుంది, శుభ్రం చేయడానికి కూడా ఎవరూ రాకూడదని రిసెప్షన్‌లో చెప్పేస్తాం. రెండు మూడు వారాలు రోజువారీగా విచారణ జరపాలని పైకోర్టు ఆదేశం ఉన్న కేసుల్లో మాత్రమే అపార్ట్‌మెంట్ జోలికి వెళ్తాను, ఎందుకంటే అక్కడ వాయిదా భయం తక్కువ. ఇంకోటి, ఏ హోటల్ అయినా లాబీలో, లిఫ్టులో కేసు మాట్లాడకండి. కోర్టు దగ్గర మంచి హోటళ్లు రెండో మూడో ఉంటే అవతలి వాళ్లూ అందులోనే దిగుతారు.

వెళ్లేది ఎలా

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు. కారులో అయితే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు దాటుకుంటూ ఐదు గంటలు వేసుకోండి. రైల్లో అయితే 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ మధ్యాహ్నం బయలుదేరి సాయంత్రం ఏడు ప్రాంతంలో దింపుతుంది. 2024 మార్చిలో వచ్చిన రెండోది తెల్లవారుజామున ఐదు దాటగానే బయలుదేరి తొమ్మిది ప్రాంతంలో బెజవాడ చేరుస్తుంది. ఈ రెండో బండి చూసి చాలామందికి ఆశ పుడుతుంది, అదే రోజు పొద్దున్నే వెళ్లి పదిన్నరకి కోర్టులో నిలబడొచ్చు, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది కదా అని. ఖాళీ చేతులతో వెళ్లే వాదనల రోజుకి సరే. సాక్ష్యం రోజున, నాలుగు పెట్టెలతో వద్దు. బండి అరగంట లేటయితే అందరికీ టెన్షన్, కొత్త కోర్టు భవనాల్లో హాలు పై అంతస్తులో ఉంటే లిఫ్ట్ దగ్గర వరసలో ఇంకో పావుగంట. విమానం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. శంషాబాద్ వెళ్లడం, అక్కడ కూర్చోవడం, గన్నవరంలో దిగి మళ్లీ ఊళ్లోకి ఇరవై కిలోమీటర్లు రావడం కలుపుకుంటే రైలు కంటే మిగిలేది ఏమీ ఉండదు.

మేం చేసేది ఇది: మనుషులు ముందురోజు మధ్యాహ్నం వందే భారత్‌లో, పెట్టెలు కారులో గుమాస్తాతో. ఆ కారు వారమంతా మాతోనే ఉంటుంది. క్యాబ్ కోసం నల్లకోటుతో ఎండలో నిలబడే బాధ తప్పుతుంది (వేసవిలో కింది కోర్టుల్లో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమమే చెప్తుంది, అయినా మా సార్ వినరు). ఒరిజినల్ డాక్యుమెంట్లు మాత్రం ఏ పెట్టెలోనూ వెళ్లవు. సేల్ డీడ్, అగ్రిమెంట్, సంతకాలున్న ఇన్‌వాయిస్‌లు ఒక జిప్ ఫోల్డర్‌లో పెట్టి ఒక్కరి చేతిలో, రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తారు. ఆ ఒక్కరు ఎవరో పేరు రాసి ఉంచాలి. ‘ఎవరో ఒకరు తెస్తారులే’ అనుకుంటే అది ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది.

రైలా కారా అని తేల్చుకునేటప్పుడు రెండూ ఒకేసారి ఆగిపోయే రోజు కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. 2024 సెప్టెంబర్ 1 నాటి వానలకి కేసముద్రం దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోదాడ–నందిగామ మధ్య హైవే మీద రాకపోకలు ఆగాయి, బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగింది. అలాంటి రోజున హాజరై కాలం అడగడానికి ఆ ఊళ్లో మన వకాలత్ (కేసు నడిపే అధికార పత్రం) మీద సంతకం పెట్టిన మనిషి ఒకరు ఉండాలి. ఆ సంగతి ‘మనుషులు’ అన్న భాగంలో మళ్లీ చెప్తాను.

కాగితం

సొంత ప్రింటర్ మోసుకెళ్లాలా, కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు సరిపోతుందా? నా అభిప్రాయం గట్టిది: బల్కు పని షాపులో, రహస్యం పని సొంత ప్రింటర్ మీద.

అప్పటికే దాఖలైన డాక్యుమెంట్ల సెట్లు, జడ్జిమెంట్ల కాపీలు అవతలి వాళ్ల దగ్గరా ఉంటాయి, అవి ఎక్కడ తీయించినా ఫర్వాలేదు. షాపు మిషన్ వేగం మన చిన్న ప్రింటర్‌కి రాదు, స్పైరల్ బైండింగ్ కూడా వాళ్లే చేసిస్తారు. కానీ క్రాస్ నోట్స్, సాక్షి గురించి రాసుకున్న ముక్కలు, క్లయింట్ మెయిళ్లు షాపుకి పోకూడదు. షాపు కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫైలు డెస్క్‌టాప్ మీదకి కాపీ అవుతుంది, లేదా ‘ఈ నంబర్‌కి వాట్సాప్ చేయండి సార్’ అంటారు, ఆ ఫైలు డౌన్‌లోడ్స్‌లో నెలల తరబడి ఉంటుంది. ఒక ఊళ్లో నేను ప్రింట్ కోసం షాపు కంప్యూటర్ ముందు నిలబడితే, స్క్రీన్ మీద మా అవతలి పార్టీ వాళ్ల రిజాయిండర్ (జవాబుకి ఎదురు జవాబు) డ్రాఫ్ట్ పేరుతో సహా కనిపించింది. తెరవలేదు. తెరవలేదని చెప్తే మా జూనియర్లు ఇప్పటికీ నమ్మరు. కానీ ఆ రోజు నాకు భయం వేసింది, మన ఫైలు కూడా ఎవరో ఇలాగే చూసుంటారు కదా అని.

సొంత ప్రింటర్ అంటే నలుపు తెలుపు లేజర్, చిన్నది. అదనంగా ఒక టోనర్, ఒక యూఎస్‌బీ వైరు, ఎందుకంటే హోటల్ వైఫై మీద ప్రింటర్ పనిచేయనంటుంది. రెండు రీములు ఎ4, ఒక రీము లీగల్ సైజు. నెట్ కోసం హోటల్‌ని నమ్ముకోకుండా రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లతో హాట్‌స్పాట్. పెన్ను, పిన్ను, స్టాంపు, వెల్ఫేర్ స్టాంపు, ట్యాగులు, రంగు చీటీలు గుమాస్తా సంచిలో ఎప్పుడూ ఉంటాయి, వాటి గురించి ఆయనకి చెప్పబోతే కోప్పడతాడు.

ఇక పూర్తిగా టాబ్లెట్ మీదకి మారిపోదామా అన్న ప్రశ్న. మా చిన్న జూనియర్ ఇదే అంటుంది, ఆమె మాటలో న్యాయం లేకపోలేదు, వెయ్యి పేజీల్లో ఒక తేదీ వెతకాలంటే కాగితం కంటే టాబ్లెటే నయం. కానీ సాక్షి చేతికి డాక్యుమెంట్ ఇచ్చి ‘ఈ సంతకం మీదేనా’ అని అడగాలంటే కాగితమే కావాలి. కోర్టుకి ఒక సెట్, సాక్షికి ఒకటి, మనకొకటి, అవతలి వాళ్లకి ఒకటి. వెతకడానికి టాబ్లెట్, చూపించడానికి కాగితం. వాది డాక్యుమెంట్లు ఎ-సిరీస్, ప్రతివాదివి బి-సిరీస్ కదా, ఫోల్డర్లు కూడా రెండు రంగుల్లో పెట్టండి, హడావుడిలో అక్షరాలు కనపడవు, రంగు కనపడుతుంది.

వాట్సాప్ చాట్లు, మెయిళ్లు, సీసీటీవీ లాంటివి మార్క్ చేయించాలంటే సర్టిఫికెట్ ఊళ్లోనే సిద్ధం చేసుకుని బయలుదేరండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌కి రెండు భాగాలున్నాయి, ఒకటి పార్టీ నింపాలి, రెండోది నిపుణుడు, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65-బి నమూనా అలవాటులో ప్రింట్ తీసుకుని వెళ్లిపోతే ఆ నిపుణుడిని రాత్రి పూట బెజవాడలో ఎక్కడ వెతుకుతారు?

మనుషులు

అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 30 అమల్లోకి వచ్చిన 2011 జూన్ నుంచి దేశంలో ఏ కోర్టులోనైనా ఏ అడ్వొకేట్ అయినా ప్రాక్టీస్ చేయొచ్చు. మరి లోకల్ లాయర్ ఎందుకు, దండగ కదా అని క్లయింట్లు అడుగుతారు. కొన్ని హైకోర్టులు బయటి రాష్ట్రం లాయర్ స్థానిక అడ్వొకేట్‌తో కలిసి వకాలత్ వేయాలని నియమం పెట్టుకున్నాయి, అలహాబాద్ హైకోర్టు పెట్టిన అలాంటి నియమాన్ని సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. నియమం సంగతి అలా ఉంచండి. నాకు లోకల్ అడ్వొకేట్ కావాల్సింది వాదించడానికి కాదు. ముందురోజు సాయంత్రం జడ్జిగారు సెలవు పెట్టారా, రేపు కాల్ వర్క్ (ముందుగా వరసగా కేసులు పిలిచే పని) ఎంత ఉంది, మన కేసు పొద్దునే తీసుకుంటారా మధ్యాహ్నమా, ఈ నాలుగు ముక్కలు ఆయన గుమాస్తా చెప్పగలడు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (కేసు గుర్తింపు సంఖ్య) కొట్టి చూస్తే తేదీ కనిపిస్తుంది, సెలవు సంగతి అందులోకి ఎక్కేసరికి మనం సగం దారి దాటేస్తాం.

అందుకే ఐదుగురిని తీసుకెళ్లడమా, ముగ్గురు వెళ్లి లోకల్ ఆఫీసులో ఇద్దరి సాయం తీసుకోవడమా అంటే నేను రెండోదానికే మొగ్గుతాను, ఒక షరతు మీద. గుమాస్తా మనవాడే వెళ్లాలి. లోకల్ గుమాస్తాకి ఆ కోర్టు తెలుసు, మన ఫైలు తెలియదు. మనవాడికి ఫైలు తెలుసు, కోర్టు తెలియదు. ఇద్దరూ కలిసి టీ తాగితేనే పని అవుతుంది. జూనియర్లలో ఒకరు కోర్టు హాల్లో సార్ పక్కన కూర్చుని ప్రశ్నా జవాబూ రాసుకోవాలి, రెండోవారు వర్క్ రూమ్‌లో ఉండి, కోర్టు నుంచి మెసేజ్ రాగానే అడిగిన కాగితం వెతికి పంపాలి. లోకల్ అడ్వొకేట్ గారికి ఫీజు ఎంత, ఏ ఏ పనులకి, వాయిదా పడిన రోజుకి ఎంత అనేది మొదటి రోజే రాసుకోండి. మొహమాటపడి వదిలేస్తే చివర్లో ఇద్దరికీ చేదు.

సాక్షి: కోర్టుకి తేవడమా, కమిషనరా, వీడియోనా

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఇదే, మిగతావన్నీ డబ్బుతో సర్దుబాటు అవుతాయి.

ముందు ఒక చిన్న విషయం. ఆర్డర్ 18 రూల్ 3ఎ ప్రకారం పార్టీ తానే సాక్ష్యం చెప్పదలిస్తే, కోర్టు వేరేగా అనుమతిస్తే తప్ప, తన తరపు మిగతా సాక్షుల కంటే ముందు చెప్పాలి. అంటే పి.డబ్ల్యూ.1 (వాది తరపు మొదటి సాక్షి) మన క్లయింటే. ఆయన క్రాస్ ఒక పూటలో అయిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి సోమవారమే సాక్షులందరినీ తెచ్చి హోటల్లో కూర్చోబెట్టకండి. కూర్చున్న సాక్షి మొదటి రోజు బాబాయికి ఫోన్ చేస్తాడు, రెండో రోజు దుర్గమ్మ గుడికి వెళ్తాడు, మూడో రోజు ‘నాకు పనుంది సార్, వెళ్లొస్తా’ అంటాడు. ఒక్కో సాక్షినీ ముందు సాక్షి క్రాస్ సగం అయ్యాక పిలిచినా చాలు, ఐదు గంటల దూరమే కదా.

మనంతట మనం తెచ్చుకోవడమా, సమన్లు వేయించడమా? మనవాడైతే తెచ్చుకోవచ్చు. బ్యాంకు మేనేజరు, ప్రభుత్వ ఉద్యోగి, పాత పార్ట్‌నర్ లాంటి వాళ్లు సమన్లు లేనిదే కదలరు, కదిలినా వాళ్ల పైవాళ్లు ఒప్పుకోరు. సమన్లంటే బత్తా (సాక్షి రానుపోను ఖర్చు) ముందే డిపాజిట్ చేయాలి, ప్రాసెస్ వెళ్లి రావడానికి వారాలు పడుతుంది, అందుకని తేదీ పడ్డ రోజే ఆ పని మొదలుపెట్టాలి. దూరం లెక్క కూడా ఉంది. కోర్టు పరిధి బయట ఉన్న సాక్షి వంద కిలోమీటర్ల లోపు ఉంటేనే స్వయంగా రమ్మనొచ్చు. దారిలో ఆరింట ఐదు వంతులు రైలో మరో ప్రజా రవాణా సౌకర్యమో ఉంటే అది ఐదువందల కిలోమీటర్ల లోపు వరకు పెరుగుతుంది, ఆర్డర్ 16 రూల్ 19 చూడండి. హైదరాబాద్ సాక్షిని బెజవాడకి పిలవడానికి ఇబ్బంది లేదన్నమాట. అంతకంటే దూరంలో ఉన్న ముంబై సాక్షిని రమ్మనాలంటే విమాన ఛార్జీ కట్టాలి, లేదంటే వేరే దారి చూసుకోవాలి.

అడ్వొకేట్ కమిషనర్ (సాక్ష్యం నమోదుకి కోర్టు నియమించే లాయర్) దారి కొందరికి నచ్చదు, నాకు చాలా నచ్చుతుంది, ఏర్పాట్లు చూసేవాడిగా. చీఫ్ (క్రాస్‌కి ముందు సాక్షి చెప్పే సాక్ష్యం) ఎలాగూ అఫిడవిట్ రూపంలోనే దాఖలవుతుంది, క్రాస్‌ని కోర్టు తానే నమోదు చేయొచ్చు లేదా కమిషనర్‌కి అప్పగించొచ్చు. కమిషనర్ ముందైతే టైం ముందే మాట్లాడుకుంటాం, కాల్ వర్క్ అయ్యేదాకా కాచుకోవాల్సిన పని లేదు, ముసలి సాక్షికి మధ్యలో మంచినీళ్లు, మందులు ఇవ్వొచ్చు. అరవై రోజుల్లో రిపోర్టు ఇవ్వాలని రూల్‌లోనే ఉంది, కోర్టు పొడిగించొచ్చు. నష్టం ఏంటంటే అభ్యంతరాలన్నీ రాసుకోవడమే తప్ప కమిషనర్ తేల్చడు, వాదనల దశలో కోర్టు తేలుస్తుంది. కాబట్టి అవతలి లాయర్ అడ్డదిడ్డంగా అడుగుతుంటే అక్కడే ఆపేవారు ఉండరు, పేజీలు పెరుగుతాయి. సాక్షి మాట తీరు జడ్జిగారు కళ్లారా చూడాలి, అవతలి వాడు తడబడటం ఆయనకి కనపడాలి అనుకుంటే కమిషన్ వద్దు, కోర్టే మేలు. అది సార్ నిర్ణయం. లెక్కల పుస్తకాలు, ఇన్‌వాయిస్‌లు మార్క్ చేయించే సాక్షికి మాత్రం కమిషన్ హాయి.

వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో తేల్చింది, కరోనా తరవాత అందరికీ అలవాటైంది. మన తెలుగు కేసుల్లో ఇది ఎక్కువగా వచ్చేది అమెరికాలో ఉన్న కొడుకో కూతురో సాక్షి అయినప్పుడు. ఇక్కడ గడియారం లెక్క చూడకుండా పిటిషన్ వేసేవాళ్లని చూశాను. ఇక్కడ పొద్దున పదిన్నర అంటే డాలస్‌లో వేసవిలో సరిగ్గా అర్ధరాత్రి, చలికాలంలో రాత్రి పదకొండు. విదేశంలో ఉన్న సాక్షి దగ్గర సమన్వయకర్తగా మన ఎంబసీ లేదా కాన్సులేట్ అధికారి ఉండాలన్నది కోర్టులు అనుసరించే నమూనా నియమం, అర్ధరాత్రి ఏ కాన్సులేట్ తెరిచి ఉంటుంది? అక్కడ పొద్దున తొమ్మిది కావాలంటే ఇక్కడ వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. కోర్టు ఆ టైంకి కూర్చోదు. అందుకే ఇలాంటి కేసుల్లో కోర్టు ఒప్పుకుంటే కమిషనర్, వీడియో రెండూ కలిపి అడగడమే దారి. సాక్షికి చూపించాల్సిన డాక్యుమెంట్ల సెట్ ముందే అక్కడికి చేరాలి, స్క్రీన్ మీద చూపిస్తాం లెండి అంటే సంతకం దగ్గర గొడవ వస్తుంది.

సాక్షి తెలుగులో చెప్తాడు, డిపోజిషన్ (నమోదయ్యే సాక్ష్యం) చాలాసార్లు ఇంగ్లీషులో టైప్ అవుతుంది. ఆ భాష రాని సాక్షికి దాన్ని తెలుగులో చదివి చెప్పాలని నిబంధన. సాయంత్రం ఐదింటికి అందరికీ ఇంటికెళ్లే తొందర ఉంటుంది, అయినా ఆ చదివే పది నిమిషాలు వదులుకోవద్దని జూనియర్‌కి ముందే చెప్పండి. ‘అప్పు ఇచ్చాను’కీ ‘అప్పు ఇప్పించాను’కీ ఇంగ్లీషులో ఒక్క మాట తేడా.

సాక్షికి గది వేరే అంతస్తులో తీసుకుంటాం. క్రాస్ మధ్యలో రాత్రి ఆగిపోతే ఆయనతో ఎవరూ కేసు మాట్లాడకూడదన్నది మా సార్ పట్టింపు, ఎదురుపడకపోతే ఆ పట్టింపు నిలబెట్టడం తేలిక. భోజనానికి గుమాస్తా తోడు వెళ్తాడు, సినిమాలు, వానలు, పంటల గురించి మాట్లాడతాడు.

తిండి, బిల్లులు

తిండి గురించి ఒక్క మాట. మధ్యాహ్నం లంచ్ టైం చిన్నది, గోంగూర, పప్పు, నెయ్యి, పచ్చళ్లతో మెస్ భోజనం చేసి క్రాస్‌కి నిలబడలేరు. మధ్యాహ్నం ఇడ్లీ, మజ్జిగ. అసలు భోజనం రాత్రికి. షుగర్ ఉన్న సాక్షి జేబులో బిస్కట్ ప్యాకెట్ ఉండాలి.

ఖర్చు క్లయింట్ నేరుగా కట్టడమా, మనం పెట్టి తరవాత బిల్లు ఇవ్వడమా? హోటల్, రైలు టికెట్లు క్లయింట్ కార్డు మీద, చిల్లర ఖర్చుకి ముందే కొంత అడ్వాన్స్ అన్నది నాకు కుదిరిన పద్ధతి. మనం పెట్టుకుంటే వాయిదా పడిన వారం బిల్లు చూసి ‘ఏమీ జరగలేదు కదండీ’ అంటారు, ఆ మాటకి జవాబు ఉండదు. జిరాక్స్, ఆటో, బత్తా, కమిషనర్ ఫీజు వేర్వేరు వరసల్లో రాస్తాను. రసీదు లేని ఖర్చు అదే రాత్రి రాసేయాలి, మర్నాటికి గుర్తుండదు.

శుక్రవారం సాయంత్రం సాక్ష్యం ముగిసి అందరూ రైలెక్కుతారు. మా గుమాస్తా మాత్రం ఆ రాత్రికి ఉండిపోతాడు. డిపోజిషన్ల సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, దాని నంబరు నాకు ఫోటో తీసి పంపాకే ఆయన గది ఖాళీ చేస్తాడు. ఒకసారి ఆ పని లోకల్ వాళ్లకి అప్పగించి వచ్చేశాం. కాపీ కోసం మళ్లీ బెజవాడ వెళ్లింది కూడా ఆయనే, ఆ రోజు సంగతి ఇప్పటికీ ఎత్తి చూపుతుంటాడు.